హన్నమ్మ అల్లిపొద

హన్నమ్మ తన అల్లిపొదకు కొల్లేటి చేపలు కడిగిన నీళ్ళు చాటుగా పోస్తుందని తాడేపల్లిగూడెం మిషను పేటంతా చెప్పుకునేవారు. శుద్ధ అబద్ధం. ఆ మాట పుట్టించింది ఎదురింటి కృపమ్మ.

పన్నెండేళ్ళుగా ఈస్టరు నాడు చర్చి బల్ల మీద పెట్టే పూలు కృపమ్మ పెరటివే. పేటలో ఆవిడ పెద్దరికమంతా ఆ రెండు కూజాల మల్లెల్లోనే ఉంది. 1934లో ఎండలు ముందే ముదిరాయి. కాలువ కట్టేశారు. నూతిలో చేద వేస్తే బురద వచ్చింది. మల్లెలు మాడిపోయాయి. ఎదురుగా హన్నమ్మ వాకిట్లో నడుమెత్తు అల్లిపొద మాత్రం, దళసరి ఆకులు నూనె రాసినట్టు మెరుస్తూ, కొమ్మల నిండా నీలిపూలు అంటించుకుని నిలబడింది.

"ఈసారికి ఆ నీలిపూలు పెడదామమ్మా" అన్నారు చర్చి అయ్యగారు. కృపమ్మకు ఆ పూట అన్నం సయించలేదు.

హన్నమ్మ వితంతువు. మిషనులో బైబిలమ్మ పని, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించడం. సోమవారం సంచి తగిలించుకుని ఊళ్ళు పట్టుకు తిరిగి, శనివారానికి ఇల్లు చేరుతుంది. అలా తిరుగుతూనే ద్వారకా తిరుమల దగ్గరి రాతిగుట్టల్లో ఆ మొక్కను చూసి తెచ్చుకుంది. పేటలో మరెవరికీ అలాంటిది లేదు.

ఒక మంగళవారం, ఆవిడ ఊళ్ళో లేనప్పుడు, పొద కింద మొలిచిన పిల్లమొక్కను కృపమ్మ తవ్వి తెచ్చుకుంది. వచ్చే ఈస్టరుకైనా తన పూలే ఉండాలని ఆశ. పల్లపు మనిషి కదా, వరిమడికి కట్టినట్టు చుట్టూ గట్టు కట్టి నీళ్ళు నిలబెట్టింది. చెరువు నుంచి బిందెలు మోయించింది. బియ్యం కడుగు పోసింది. పదిహేనో రోజుకు ఆకులు పండి రాలిపోయాయి. పీకి చూస్తే వేరు కుళ్ళి కంపు కొట్టింది.

"నువ్వు చెప్పిన చేపనీళ్ళు పోసి చూడకపోయావా?" అన్నాడు మొగుడు యేసుదాసు.

ఆ ఉక్రోషంతోనే శనివారం, హన్నమ్మ ఇంకా కాళ్ళ దుమ్మయినా కడుక్కోకముందే, కృపమ్మ వెళ్ళి గుమ్మం ముందు నిలబడింది.

"ఏవమ్మా హన్నమ్మా, నిజం చెప్పు. ఏం పోస్తున్నావు దానికి?"

హన్నమ్మ సంచి దించి గడప మీద కూర్చుంది.

"ఏమీ పొయ్యనండీ వదినగారూ. ఆరు రోజులూ ఊళ్ళ మీదుంటాను, నాకు బిందె మోసేవాళ్ళెవరు? అందుకే ఎవరి చెయ్యీ అక్కర్లేని మొక్కని ఏరి తెచ్చుకున్నాను. మీ మల్లెపందిరి చూస్తే నాకెంత కుళ్ళో తెలుసాండీ? పొద్దున్నే ఇంటిల్లిపాదీ చెంబులట్టుకుని దాని చుట్టూ చేరతారు."