మెర్వ్ పాస్కో విన్న దగ్గులు

లోకంలో పాట వినేవాళ్లంతా పాడేవాణ్ణి వింటారు. మెర్వ్ పాస్కో మాత్రం ఆ పాట వినడానికి వచ్చినవాళ్లను వింటాడు. అక్కడ కిప్ హాలరన్ గొంతు చించుకుని పాడుతుంటే, వెనకాల ఎవరు దగ్గారు, ఎవరి కుర్చీ కిర్రుమంది, ఎవరి చేతిలోంచి గ్లాసు జారింది అన్నదే మెర్వ్‌కు సంగీతం. ఈ జబ్బు వల్ల ఎవరికీ ప్రాణహాని లేదు గానీ, ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్లో పాత రికార్డుల కొట్టు నడిపే గ్లెనిస్‌కు మాత్రం శనివారం వచ్చిందంటే ప్రాణం విసిగిపోయేది.

"ఆపు, ఆపు," అనేవాడు మెర్వ్, సరిగ్గా గిటారు అందరి ఒళ్లూ పులకరించే చోటికి వచ్చినప్పుడు. "కొంచెం వెనక్కి తిప్పు. విన్నావా?"

"ఏం వినాలి?"

"దగ్గు. పొడిదగ్గు. అది మన నార్మ్‌ది. తెగ సిగరెట్లు కాల్చేవాడు, పాపం."

"నార్మ్ ఎవరు?"

"నార్మ్ తెలీదా? సరేలే, నువ్వప్పటికి పుట్టలేదేమో."

గ్లెనిస్ అప్పటికి పుట్టడమే కాదు, హైస్కూలు కూడా దాటింది. అయినా వాదించేది కాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎవరితో వాదించాలో, ఎవర్ని వదిలేయాలో చూసుకుని బతకాలి.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, మెర్వ్‌కు చెవుడు. ఉక్కు ఫ్యాక్టరీ మూసేసేదాకా అందులోనే పనిచేసి, ఎడమ చెవిని ఆ చప్పుళ్లకే ఇచ్చేసి వచ్చాడు. కుడి చెవి దానికి ఇష్టమైతే పనిచేస్తుంది, లేకపోతే లేదు. పక్కనే నిలబడి "మెర్వ్, టీ కావాలా, కాఫీనా?" అని అడిగితే "అవును" అంటాడు. అలాంటివాడు, యాభై ఏళ్ల కిందట పబ్బులో మూల బల్ల దగ్గర ఎవరో అగ్గిపుల్ల గీసిన చప్పుడు విని, గీసినవాడి ఇంటిపేరు చెప్పేవాడు.

కిప్ హాలరన్ ఈ ఊరివాడే. రేవు పక్క పబ్బుల్లో పాడి పేరు తెచ్చుకుని, సిడ్నీ చేరి, అక్కణ్ణించి దేశదేశాలు తిరిగి, చివరికి గొంతు పోయి క్వీన్స్‌లాండ్‌లో మామిడితోట పెట్టుకున్నాడు. పాడటం మానేశాకే అతని రికార్డులు రావడం ఎక్కువైంది. కంపెనీవాళ్లు అటకలన్నీ గాలించి, కుర్రతనంలో పాడినవన్నీ ఏరి, బాక్స్ సెట్లు కట్టి వదులుతున్నారు. ఒకే పాట తొమ్మిది రకాలుగా, మధ్యలో మాట మరిచిపోయి తిట్టుకున్నది ఒకటి, పైన ఒక బొమ్మల పుస్తకం, వీటన్నిటికీ కలిపి ఇటుకంత అట్టపెట్టె.

ఆ పెట్టెల్ని తూకం వేయడానికే ప్రతి శనివారం గ్లెనిస్ కొట్లో అభిమానులు చేరేవాళ్లు. తూకమంటే నిజంగా తూకమే. ఆ కొట్టు ఒకప్పుడు మాంసం దుకాణం. గోడలకు తెల్ల పలకలు, పైన కొక్కేలు, బల్లమీద పెద్ద ఇత్తడి తక్కెడ అలాగే మిగిలిపోయాయి. కొత్త బాక్స్ వస్తే అందరూ కలిసి ఒక్కటే తెప్పించుకుంటారు. దాన్ని ముందు తక్కెడలో పెట్టి బరువు చూస్తారు. తర్వాత మొదటి పాటనుంచి చివరిదాకా విని, ఇందులో కండ ఎంత, ఎముక ఎంత, కొవ్వు ఎంత అని తేలుస్తారు. ఇంతవరకూ వినని పాటయితే కండ. ఇదివరకే ఇంట్లో ఉన్నదయితే ఎముక. బొమ్మల పుస్తకం మొత్తం కొవ్వు. కండ ఎక్కువుందని తేలితేనే మిగతావాళ్లు కొనుక్కుంటారు.

"నువ్వు వినేది ఇందులో దేని కింద రాయమంటావురా?" అని అడిగేవాడు బ్రూనో. ఇళ్లకు టైల్స్ పరిచే పని అతనిది. రికార్డు మీద దుమ్ము కణం కనిపిస్తే నిద్రపట్టని మనిషి. జేబులో ఎప్పుడూ మెత్తటి గుడ్డ ఉండేది. "నేను వినడానికి వచ్చింది కిప్‌ని. పక్కవాడి అజీర్తిని కాదు."

"కిప్ ఈ ఊరు వదిలి వెళ్లిపోయాడు," అనేవాడు మెర్వ్, చేతిలో ఉన్న మీట్ పై అనే మాంసం కూరిన రొట్టె మీద టమాటా సాస్ పిండుకుంటూ. ఆ పై లేకుండా మెర్వ్‌ను ఎవరూ చూసి ఎరగరు. "దగ్గినవాళ్లు వెళ్లలేదు."

"వెళ్లకపోతే ఏరి? సగంమంది శ్మశానంలో ఉన్నారు."

"అది ఈ ఊరి శ్మశానమే కదా."

బ్రూనో గుడ్డ తీసి ఏదో ఒక రికార్డు తుడిచేవాడు. బస్సు నడిపే రోండా, వారంలో ఆ ఒక్క రోజే సెలవు దొరికే మనిషి, కుర్చీలో వెనక్కి వాలి "నన్ను కాసేపు పాట విననివ్వండర్రా" అనేది. గ్లెనిస్ టీ పెట్టడానికి లేచేది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఆమెకు ఈ ముగ్గురూ అలవాటైపోయారు, మోకాళ్ల నొప్పి అలవాటైనట్టే.

ఆ ఫిబ్రవరిలో సిడ్నీ కంపెనీనుంచి గ్లెనిస్‌కు ఫోను వచ్చింది. టగ్‌బోట్ పబ్బులో ఒక రాత్రి కిప్ పాడిన టేపు, అసలుది, దొరికిందట. అదే వచ్చే బాక్స్‌కు ముఖ్యం. దాన్ని రెండు రకాలుగా చేశారు. ఒకదాంట్లో జనం చప్పుళ్లన్నీ కడిగేసి కిప్ గొంతు, వాయిద్యాలు మాత్రమే ఉంచారు. రెండోది ఉన్నది ఉన్నట్టు. అది మీ ఊరి పబ్బు కాబట్టి మీ అభిమానులు ఏది కావాలంటే అదే వేస్తాం, ఒకటి వేస్తే రెండోది వేయం అని చెప్పారు. రెండు నమూనాలూ పోస్టులో వచ్చాయి, ఒక్కోటీ రెండేసి డిస్కులు.

గ్లెనిస్ ఆ పొట్లం విప్పింది. ఆ టగ్‌బోట్ రాత్రి ఆమెకు కొత్త కాదు. దాని క్యాసెట్టు, కాపీకి కాపీ తీసింది, ఊళ్లో ఎప్పటినుంచో తిరుగుతోంది. రెండేళ్ల కిందట, ఆమె భర్త కాల్‌ను శ్మశానానికి సాగనంపిన వారానికే మెర్వ్ ఒక పై, ఒక క్యాసెట్టు పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"నాలుగో పాట అయిపోగానే ఒక ఈల వస్తుంది," అన్నాడు. "అది మన కాల్. ఎవరితో అనకు, మిగతావాళ్లు కుళ్లుకుంటారు."

కాల్‌కు ఈల వేయడం రాదు. కుక్కను పిలవాలన్నా చప్పట్లు కొట్టేవాడు. ఆ మాట గ్లెనిస్ నోటిదాకా వచ్చింది గానీ, మెర్వ్ మొహం చూసి మింగేసింది. తర్వాత ఒంటరిగా విన్నది. కింద మొదలై, పైకి లేచి, చివర్లో చిన్న కొక్కెంలా వంగిన ఈల. పెళ్లికి ముందు వచ్చేదేమో, తనను చేసుకున్నాక మానేశాడేమో అనుకుంది. అలా అనుకున్నాక రోజూ పొద్దున్నే టీతోపాటు వినడం అలవాటైంది. పోయిన చలికాలంలో టేప్‌రికార్డరు ఆ క్యాసెట్టును నమిలేసింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఈల మిగిలితే ఈ కొత్త బాక్స్‌లోనే మిగలాలి.

శనివారం ఎండ మండిపోతోంది, అక్కడ ఫిబ్రవరంటే ఎండాకాలమే. పైన ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ గాలి లేదు. ముందు కడిగినదాన్ని పెట్టారు. కిప్ గొంతు పక్కన కూర్చుని పాడినంత స్పష్టంగా వచ్చింది. బ్రూనో కళ్లు మూసుకున్నాడు. మెర్వ్ పరాయివాళ్ల ఇంట్లో భోజనానికి కూర్చున్నవాడిలా ముళ్లమీద కూర్చున్నాడు.

"పబ్బులో ఎవరూ లేరు," అన్నాడు చివరికి. "కుర్రాడు ఖాళీ గదిలో పాడుకుంటున్నాడు."

"హాయిగా ఉంది," అన్నాడు బ్రూనో.

తర్వాత రెండోది పెట్టారు. నార్మ్ దగ్గాడు. గ్లాసులు మోగాయి. నాలుగో పాట అయింది. ఈల వచ్చింది.

"అది మా డారిల్," అంది రోండా, ఎవరూ అడక్కుండానే.

గ్లెనిస్ చేతిలో కప్పు ఆగిపోయింది. "ఎవరూ?"

"మా అన్నయ్య. పోయాడు కదా. ఆ ఈల వాడిదేనని మెర్వ్ చెప్పాడు. ఎవరితో అనొద్దన్నాడు కూడా, నా నోరు ఆగదు."

"నాకది కాల్ అని చెప్పాడే."

ఆడవాళ్లిద్దరూ బ్రూనో వైపు తిరిగారు. అతను శుభ్రంగా ఉన్న రికార్డును వంచిన తల ఎత్తకుండా తుడుస్తున్నాడు.

"నీకెవరని చెప్పాడు?" అంది రోండా.

"ఎవరని లేదు." ఇంకాస్త తుడిచాడు. "కార్లా అని."

"మీ ఆవిడ ఈల వేసేదా?"

"కోళ్లను పిలిచేది."

"మరి ఇన్నాళ్లూ చప్పుళ్లు తీసేయాలని కొట్లాడావేం?"

"నా క్యాసెట్టు నా దగ్గరుంది. అందులో ఆమె ఉంది. ఊరందరూ వినడం దేనికి?"

ముగ్గురూ మెర్వ్‌ను చూశారు. మెర్వ్ పై మీద సాస్ పిండుతున్నాడు. సీసా ఖాళీ అయి చాలాసేపైంది.

"ఆ రోజు చాలామంది వేశారు ఈల," అన్నాడు.

"వినిపించింది ఒక్కటే," అన్నాడు బ్రూనో.

"అందరూ ఒకేసారి వేశారు."

"మెర్వ్," అంది గ్లెనిస్.

మెర్వ్ సీసా కింద పెట్టాడు. "ఏమో గ్లెనిస్. నాకసలు చెవుడు కదా." పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతను ఒప్పుకోవడం అదే మొదలు. ఇక ఏ రకం వేయమనాలో ఓటు వేయాలి; వాళ్ల ఓట్లు ఎప్పుడూ తూకపు రాళ్లతోనే, మనిషికొకటి. ఎడమ పళ్లెం కడిగినదానికి, కుడి పళ్లెం ఉన్నదున్నట్టు ఉంచినదానికి. మెర్వ్ తన రాయి కుడి పళ్లెంలో పెట్టి, "బస్సు వెళ్లిపోతుంది," అని, సగం తిన్న పై బల్లమీదే వదిలేసి బయటికి నడిచాడు.

బ్రూనో తన రాయిని ఎడమ పళ్లెంలో ఠక్కున పెట్టాడు. రోండా కూడా అక్కడే పెట్టింది. "మా వాడి పేరు చెప్పి ఆడుకుంటాడా," అంది. గ్లెనిస్ చేతిలో రాయి మిగిలింది. ఆమెకు కోపం వచ్చింది, కోపం కంటే ఎక్కువగా అలసట వచ్చింది. అన్నాళ్లు పొద్దున్నే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి ఈల విని, వాడి కోసం కళ్లు తుడుచుకుందన్నమాట. ఎడమవైపే పెట్టేసి ఈ గోల వదిలించుకుందామనుకుంది.

అప్పుడు బయట బస్సు కదిలిన చప్పుడైంది. వెంటనే ఈల వినబడింది.

కింద మొదలైంది. పైకి లేచింది. చివర్లో కొక్కెంలా వంగింది.

ముగ్గురూ కిటికీ దగ్గరికి వెళ్లారు. వీధి అవతల మెర్వ్ రెండు వేళ్లు నోట్లోంచి తీసి, ఆగిన బస్సు వైపు పరుగులాంటి నడకతో వెళ్తున్నాడు. ఈల ఎంత దూరం వినబడిందో అతనికి తెలిసినట్టు లేదు. చెవిటివాడికి తన ఈల తనకెలా తెలుస్తుంది?

"స్టాపు దాటాక ఆపకూడదు," అంది రోండా మెల్లగా. "రూలు." మళ్లీ తనే, "నేను నడుపుతున్నా ఆపేదాన్నే," అంది.

ఆ టేపు మొత్తంలో మెర్వ్ పాస్కో ఉన్నది ఆ ఒక్క ఈలలోనే. నార్మ్ దగ్గు నార్మ్‌కే ఉంచాడు, జారిన గ్లాసు జారవిడిచినవాళ్లకే ఉంచాడు. తన ఈల మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచిపెట్టేశాడు. గ్లెనిస్‌కు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు.

బ్రూనో తక్కెడ దగ్గరికి వచ్చి, తన రాయి తీసి కుడి పళ్లెంలో పెట్టాడు. రోండా రాయి కూడా తనే మార్చాడు, ఆమె వద్దనలేదు. పళ్లెం దబ్బున బల్లమీద వాలింది, అందులో గ్లెనిస్ తన రాయి కూడా పెట్టింది.

"ఈల మాత్రం శుభ్రంగా రికార్డయింది," అన్నాడు బ్రూనో.

తర్వాతి శనివారం మెర్వ్ గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూశాడు. చేతిలో పై ఉంది. కంపెనీకి ఏం చెప్పారని అడగలేదు. గ్లెనిస్ తక్కెడ వైపు చూపించింది. నాలుగు రాళ్లూ ఇంకా కుడి పళ్లెంలోనే ఉన్నాయి. మెర్వ్ వాటిని లెక్కపెట్టుకుని, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"టీ కావాలా, కాఫీనా?"

"అవును."

బ్రూనో కుర్చీ లాక్కుని మెర్వ్ కుడి చెవి వైపు వచ్చి కూర్చున్నాడు. గుడ్డ తీశాడు, మడిచాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"కార్లా నవ్వేది కూడా," అన్నాడు.

"ఎలా?"

"బాతులా."

"ఉంది," అన్నాడు మెర్వ్ తడుముకోకుండా. "రెండో డిస్కులో."

"ముందు వినరా. విన్నాక చెప్పు."

గ్లెనిస్ రెండో డిస్కు పెట్టి, టీ నీళ్లు పొయ్యిమీద పడేయడానికి లేచింది. మోకాలు కలుక్కుమంది. వెనకాలనుంచి మెర్వ్ గొంతు వినబడింది.

"ఆపు, ఆపు. కొంచెం వెనక్కి తిప్పు."