సూళ్లూరుపేటలో వెంకటేశు ఆఖరి ఆట

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఆరూ నలభైకి నెల్లూరులో సూళ్లూరుపేట వైపు వెళ్లే మెము రైలెక్కాను. టికెట్ ముప్పై రూపాయలు. కిటికీ పక్క సీటు కావాలంటే పది నిమిషాలు ముందు రావాలి. మంచినీళ్లు ప్లాట్‌ఫారం మీదే కొనుక్కోవడం మేలు.

ఈ ప్రయాణానికి కారణం ముందురోజు వచ్చిన ఒక ఫోను. ఇరవై ఏళ్ల కిందట నేను దొరవారిసత్రం హైస్కూల్లో తెలుగు చెప్పేటప్పుడు వెంకటేశు నా దగ్గర చదివాడు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే అక్క రమణమ్మ చేపలమ్మి పెంచింది. అమెరికన్ ఫుట్‌బాల్‌ను జీతానికి ఆడే తెలుగువాడు వాడు తప్ప నాకు మరొకడు తెలియదు.

"సార్, రేపు సూళ్లూరుపేటలో ఫైనల్. నాకిదే ఆఖరి ఆట. అక్కను మీరే పిల్చకరావాల. మీరు చెప్తే వింటది," అన్నాడు.

పదమూడేళ్లుగా వాడు ఆడుతున్నా రమణమ్మ ఒక్క మ్యాచ్‌కీ వెళ్లలేదు.

రైల్లో ఎదురుగా దంపతులెవరో కూర్చున్నారు. ఆయన మెడలో బైనాక్యులర్లు. "మీరూ ఫ్లెమింగో పక్షుల కోసమేనా?" అని అడిగాడు. ఫుట్‌బాల్ కోసమన్నాను. ఇది కాలితో తన్నే ఆట కాదనీ, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, విసరడం, అడ్డొచ్చిన వాళ్లను తోసుకుపోవడం ఇందులో ఉంటాయనీ గూడూరు దాటేదాకా వివరించాను. "దెబ్బలు తగలవా?" అంది ఆవిడ. తగులుతాయన్నాను.

ఎనిమిదీ ఇరవైకి దొరవారిసత్రంలో దిగి, స్టేషన్ రోడ్డులో నాలుగు ఇడ్లీలు తిని, షేర్ ఆటో ఎక్కాను. సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ల జాలరి కుప్పం చేరేసరికి తొమ్మిదిన్నర. రమణమ్మ ఇంటిముందు పట్టా పరిచి రొయ్యలు ఏరుతోంది. నన్ను చూడగానే కుర్చీ వేయించింది. వచ్చిన పని చెప్పగానే తల వంచుకుంది.

వెంకటేశు ఈ ఆటలోకి వచ్చిన తీరు నాకు తెలిసిందే. ఎండాకాలం సరస్సులో నీళ్లు తగ్గితే పడవ బురదలో కూరుకుపోతుంది. దాన్ని భుజంతో నెట్టుకురావడం వాడికి పదేళ్ల వయసు నుంచీ అలవాటు. ఇరవయ్యో ఏట చెన్నై రేవులో ఐసు మోసే పనికి వెళ్లాడు. దగ్గర్లోని బీచ్‌లో ఒక జట్టు ఇనపబండను తోస్తూ సాధన చేస్తుంటే నిలబడి చూశాడు. ఇద్దరు తోసేదాన్ని ఒక్కడే తోసి, కూలి ఎంతిస్తారని అడిగాడు. ఆ జట్టు కోచ్ ఈ మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుతాడట. మూడేళ్లకు జీతం మీద తీసుకున్నారు. మధ్యలో రెండేళ్లు జర్మనీలో ఆడాడు. రమణమ్మ ఇంటి పైకప్పు ఆ డబ్బుతో వేసిందే.

రెండేళ్ల కిందట మ్యాచ్‌లో మోకాలు తిరిగిపోయింది. నడవగలడు గానీ ఇక ఆడలేడని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాడు. ఊరికొచ్చి ఏడాది పాటు పొద్దున్నే సరస్సులో దిగి, మొదట మోకాల్లోతు నీళ్లలో నడిచి, తర్వాత పడవ నెట్టి, కాలిని మళ్లీ దారికి తెచ్చుకున్నాడు. ఒడ్డున కూర్చుని అదంతా చూసింది రమణమ్మ.

"వాడు పడి లేవలేకపోయింది ఫోన్లో చూసినా సార్. ఇంగ నా వల్ల కాదు," అంది.

నేను బతిమాలలేదు. ఆమే, "రమ్మని వాడే అడిగినాడా, మీరే వచ్చినారా?" అంది. వాడే అడిగాడన్నాను.

"ఇన్నేళ్లలో ఒక్కసారి గూడా అడగలా. నేను భయపడతానని." రమణమ్మ లేచి చేతులు కడుక్కుంది. రొయ్యలు పక్కింటామెకు అప్పజెప్పి, చీర మార్చుకుని వచ్చింది.

దొరవారిసత్రంలో భోజనం చేసి ఒంటిగంటన్నర బస్సు పట్టుకుంటే రెండున్నరకల్లా సూళ్లూరుపేటలో ఉన్నాం. చిన్న ఊళ్లకూ ఈ ఆట చూపించాలని ఈసారి ఫైనల్ అక్కడి మైదానంలో పెట్టారట. ఆట చూడ్డానికి టికెట్ లేదు. నీడ కావాలంటే పడమటి మెట్లమీద కూర్చోవాలి.

నాలుగింటికి ఆట మొదలైంది. వెంకటేశు పని రక్షణ వరసలో నిలబడి, ఎదుటి జట్టులో బంతి విసిరేవాణ్ని పడగొట్టడం. వాడు కింద పడ్డ ప్రతిసారీ రమణమ్మ నా మోచెయ్యి పట్టుకునేది, లేచాక వదిలేది. ఆట చివరి నిమిషానికి వెంకటేశు జట్టు నాలుగు పాయింట్లు ముందుంది. కానీ బంతి ఎదుటివాళ్ల చేతిలో ఉంది, వాళ్లు దాటాల్సిన చివరి గీత మూడే గజాల దూరం. అందుకు ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడు అయిపోయాయి. మిగిలిన ఈ ఒక్కదాంట్లో బంతి గీత దాటితే కప్పు వాళ్లది.

బంతి కదలడంతో పాటే వెంకటేశూ కదిలాడు. ఎదురు నిలిచిన ఇద్దరి మధ్య భుజం దూర్చి, ఆ భారీ మనుషులను వెనక్కి నెట్టుకుంటూ పోయి, బంతి విసిరేవాడి నడుం పట్టి నేలకు కూల్చాడు. వాళ్ల మీద మరో అయిదుగురు పడ్డారు. బంతి గీత దాటలేదు. మైదానమంతా అరుస్తోంది. రమణమ్మ మాత్రం ఆ కుప్పనే చూస్తోంది. ఒక్కొక్కరే లేచారు. అందరికన్నా అడుగునున్న వెంకటేశు చివరికి లేచి, హెల్మెట్ తీసి, మెట్లవైపు చూశాడు.

రమణమ్మ మెట్లు దిగి మైదానం హద్దు దాటి వెళ్లింది. ఎవరూ ఆపలేదు. వంగి వాడి మోకాలు రెండు చేతులతో తడిమి చూసింది. తర్వాతే వాడి మొహం చూసింది.

"ఏం కాలేదక్కా," అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు, ఆమె నవ్వుతోంది. జట్టువాళ్లు కప్పు తెచ్చి ముందుగా ఆమె చేతికిచ్చారు.

వెంకటేశు జట్టుతో ఆగి మర్నాడు ఊరికి వస్తానన్నాడు. మేమిద్దరం ఆరూ యాభై రైలెక్కాం. పక్కన కూర్చున్న ఒకామె, ఊళ్లో ఏందక్కా ఆ గోల అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే రమణమ్మ అందుకుంది.

"బంతి వాళ్ల చేతిలో ఉంటే మనిషిని పట్టి పడెయ్యాల. మన చేతిలో ఉంటే ఎవురు పడేసినా వదలకూడదు. నాలుగు తూర్లే ఇస్తారు," అని చేతులతో చూపిస్తూ మొత్తం చెప్పింది. నేనేమీ నేర్పలేదు గానీ ఒక్క తప్పూ లేదు.

"నువ్వు రోజూ చూస్తావా ఈ ఆట?" అందామె.

"మా తమ్ముడు ఆడతాడు," అంది రమణమ్మ. దొరవారిసత్రంలో దిగి, రైలు కదిలేదాకా నిలబడి నాకు చెయ్యి ఊపింది.

సర్వీసులో ఉన్నప్పుడూ తర్వాతా చాలా ఊళ్లు తిరిగాను. గెలిచిన మనిషి పక్కన కూర్చుని తిరిగిరావడం నాకిదే మొదటిసారి.