నిచ్చెనకు వేళ్లుంటాయా?

నా కుంచె మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. దయ్యాలను, మంత్రాలను నేనెప్పుడూ నమ్మలేదు. గోడల మీద రాతలు రాసేవాణ్ణి. నమ్మకాలు రాయించుకునేవాళ్లవి, రంగు మాత్రమే నాది.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎన్నికలొస్తే ప్రొద్దుటూరులో బస్సెక్కి, ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీకి రాసేవాణ్ణి. ఒకసారి పులివెందుల దగ్గర ఒక అభ్యర్థి పేరు సగం రాసి, నిచ్చెన మీద నుంచి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. వేళ్లు మునుపటిలా ఆడతాయని చెప్పలేమన్నారు ఆసుపత్రిలో. ఆ చెయ్యి పోతే నా బతుకు పోయినట్టే.

మరునాడు జమ్మలమడుగు దగ్గర పల్లెలో కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయనకు రెండు కళ్లూ కనపడవు. ఎముక విరిగితే ఏ పార్టీవాడైనా ఆయన అరుగు ఎక్కాల్సిందే. ఆయుధాలు జీపుల్లోనే వదిలేసి ఇరువర్గాలూ ఒకే వరసలో కూర్చునేవాళ్లు.

ఆయన నా ముంజేతిని తడిమాడు.

"యాడ పడితివప్పా?"

"నిచ్చెన మీంచి, తాతా."

"నిచ్చెనకు వేళ్లుంటాయా?"

అరుగు మీద ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఎముక లాగి సరిచేసేటప్పుడు చెయ్యి కదలకుండా ఇంకొకరు పట్టుకోవాలి. నా వెంట ఎవరూ రాలేదు. పెద్దాయన లేచి, వరసలో ఒక్కొక్కరి చేతులూ తడుముకుంటూ పోయి ఐదోవాడి దగ్గర ఆగాడు.

"నువ్వు రాప్పా, పట్టుకుందువు."

"నాకే మోకాలు నొప్పి తాతా, ఇంకొకర్ని పిల్చుకో."

"నేనడిగింది మోకాలు కాదులే, రా."

అతను కుంటుతూ వచ్చి పట్టుకున్నాడు. నా ముంజేతి మీద కమిలిన నాలుగు మచ్చల మీదా అతని నాలుగు వేళ్లూ సరిగ్గా కూర్చున్నాయి. అవతలి వైపు మచ్చ మీద బొటనవేలు కూడా.

"ఈ తూరి మెల్లగా పట్టుకో," అన్నాడు పెద్దాయన.

తర్వాత గుడ్డుసొనలో మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. నెలన్నరకు విప్పాడు. నా అక్షరాలు ఈనాటికీ వంకర పోలేదు. చూపు లేని మనిషి ఆ చేతినే ఎట్లా కనిపెట్టాడు? చెమటా, వణుకా, ఊపిరా అని శానా ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు.

ఒట్టేశాను కాబట్టి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది నిచ్చెన ఒక్కటే. ఆ గోడ నా భుజమంత ఎత్తు, దానికి నిచ్చెనతో పనేముంది? కానీ తాత అడిగినప్పుడు ఐదోవాడు నన్నే చూస్తున్నాడు. వాడి జీపూ, అవతలివాళ్ల జీపూ వాకిట్లోనే ఉన్నాయి.