మూతపడ్డ ఆఫీసు పలికిన రాత్రి

నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే ఆపేస్తాను, మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకే జరిగింది. ఆ రాత్రి నాకు జ్వరం లేదు, నిద్రమత్తు అసలే లేదు. ఒట్టు వేయమంటారా? వేయను. నిజం చెప్పేదానికి ఒట్టుతో పనేంటి?

తొంభైల చివరి రోజులవి. సిద్దిపేటకు ఇంటర్నెట్ అప్పుడప్పుడే వచ్చింది. పాత బస్టాండు వెనక, ఒక బట్టల దుకాణం మీద నాకో గది ఉండేది. పక్క సందులోంచి ఇరుకు మెట్లు, మెట్లకు పైన తలుపు, రోడ్డు వైపు ఒక కిటికీ. హైదరాబాదులో మూతపడిన ఆఫీసుల నుంచి పాత రూటర్లు తెప్పించి, దుమ్ము దులిపి, బాగుచేసి అమ్మడం నా వ్యాపారం. దానితోపాటు మా ఊరికి వచ్చే ఒక్కగానొక్క ఇంటర్నెట్ లైనుకు దారుల లెక్క చూడటం కూడా నా పనే.

రూటరంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తాను. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, వచ్చిన సమాచారాన్ని నువ్విటు పో, నువ్వటు పో అని తోలే పెట్టె అది. పక్క పెట్టెలతో మాట్లాడుతుంది కూడా. 'ఫలానా చోటికి నా మీదుగా దారి ఉంది' అని చెప్తుంది. పక్కది నమ్మి రాసుకుంటుంది. ఇంటర్నెట్ అంతా ఇలా ఒకదాని మాట ఒకటి నమ్మడం మీదే నడుస్తుంది.

ఇక మా అన్న సంగతి. ఎరువుల దుకాణం నడిపేవాడు. నా గది కిరాయికి తీసుకున్నది ఆయన పేరు మీదే. లైను మరమ్మతులు రాత్రిపూటే చేయాలి, పగలు జనం వాడుకుంటారు కదా. నేను రాత్రిళ్ళు ఒక్కదాన్నే గదిలో ఉండటం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. మొదటి రోజే షరతు పెట్టాడు.

"చెల్లె, గిది మగోళ్ళు చేసే పని. నువ్వు చేస్తనంటే నేనేం అడ్డం రాను. గానీ ఒక్క రాత్రి భయమైతుందని నాకు ఫోన్ చేసినవనుకో... తెల్లారి నీ దుకాణానికి తాళమేస్త. మళ్ళ నన్నేం అనొద్దు."

"సరే అన్నా. నువ్వు ఫోన్ కాడనే కూసో. నేనైతే చెయ్య" అన్నాను.

మాటంటే మాటే. ఆయన మొండి, నేను జగమొండి.

మా వ్యాపారంలో ఒక అలవాటుంది. పాత రూటరు వచ్చినప్పుడు, అందులో పాత యజమాని రాసుకున్న దారులు వెంటనే చెరపం. 'చూడండి, ఎంత పెద్ద ఆఫీసులో పనిచేసిందో' అని కొనేవాళ్ళకు చూపించడానికి ఉంచుతాం. బేరం కుదిరాకే చెరుపుతాం. ఇంకో అలవాటు, కొత్తగా వచ్చిన సరుకును ఒక పూట మా లైనుకే తగిలించి నడుస్తుందో లేదో చూడటం. దేనికది మంచి అలవాటే. రెండూ కలిశాయంటే కొంప కొల్లేరే. ఆ రోజు నేను రెండూ కలిపాను.

కాలేజీ లెక్చరర్ ఒకాయన మర్నాడు చూడటానికి వస్తానన్న రూటరును, పాత దారులు చెరపకుండానే సాయంత్రం లైనుకు తగిలించాను. అది వెంటనే, 'అన్ని దారులూ నా మీదుగానే' అని చాటింపు వేసింది. ఊరి ఇంటర్నెట్ అంతా ఆ రూటరు ఒకప్పుడు పనిచేసిన మూతపడ్డ ఆఫీసు వైపు మళ్ళి ఆగిపోయింది. ఇక ఫోన్లే ఫోన్లు. తెల్లారితే ఇంటర్ ఫలితాలు! రాయపోల్, తొగుట నుంచి పిల్లలు పొద్దున్నే వచ్చి నా మెట్ల మీద నిలబడతారు. ఆ లోపు దారులు సరిచేయకపోతే నా పరువు గంగలో కలుస్తుంది.

పాత రూటరు కేబులు పీకేశాను. నా రూటరులోకి ఎక్కిన తప్పుడు దారులన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ఊరంతా నిద్రపోయింది. కింద రోడ్డు మీద కుక్కలు కూడా లేవు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు... అంతే.

చివరి దారి తీసేసి, మళ్ళీ దారుల లెక్క కంప్యూటర్ తెర మీదకు తెచ్చి చూశాను.

ఉంది.

ఒకే ఒక్క దారి. ఆ పాత ఆఫీసుకు పోయే దారి. చెరిపేశాను. చూశాను... పోయింది. నీళ్ళు తాగి వచ్చి చూశాను... ఉంది.

పక్క పెట్టె చెప్తేనే కదా దారి పుట్టేది? పక్క పెట్టె కేబులు నేల మీద పడి ఉంది. మరి చెప్పింది ఎవరు?

నాకు భయం వేయలేదు. నిజం చెప్తున్నా, కోపం వచ్చింది. నా లైనులో నాకు తెలియకుండా దారి వేసేది ఎవరురా అని. అవతల ఎవరైనా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి మాకొక ఉపాయం ఉంది. ఆ చిరునామాకు ఒక పిలుపు పంపుతాం. ఉంటే పలుకుతుంది. పలకడానికి ఎంతసేపు పట్టిందో, దారిలో ఎన్ని మజిలీలు, అంటే ఎన్ని పెట్టెలు, దాటిందో తెర మీద పడుతుంది. పిలిచాను.

చాలాసేపు ఏమీ లేదు...

పలికింది.

ఎక్కడో దూరం నుంచి. చాలా మజిలీలు దాటి, ఆలస్యంగా, ఆయాసపడుతూ వచ్చిన జవాబు. ఇంకోసారి పిలిచాను. ఈసారి కొంచెం తొందరగా పలికింది. ఇంకోసారి... ఇంకా తొందరగా. మజిలీలు చూశాను. ఒకటి తగ్గింది. మళ్ళీ చూశాను. ఇంకోటి తగ్గింది.

దారి మారితే మజిలీలు తగ్గడం మామూలే. కానీ మా ఊరికి వచ్చేది ఒకటే లైను. మారడానికి ఇంకో దారే లేదు. అది... దగ్గరికి వస్తోంది.

పాత రూటరు కరెంటు తీసేశాను. లోపలి చిన్న ఫ్యాను గుర్రుమని తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. గదిలో నిశ్శబ్దం. తెర మీద జవాబు వచ్చింది. నేనేమీ అడగలేదు. నేను పిలవకుండానే వచ్చింది.

నాకు ఆ రూటరు పంపింది ఖాజా భాయి. హైదరాబాదులో పాత సరుకు అమ్మే పెద్దాయన. గదిలో ఉన్న ఒక్క ఫోను తీసి ఆయనను నిద్రలేపాను.

"భాయి, గా ఆఫీసుల ఇంకేమన్నా నడుస్తుందా? ఏదో మిషిని ఆన్ ఉన్నట్టుంది."

"ఏ ఆఫీసు బేటీ?" ఆవలిస్తూ అన్నాడు. "గా బిల్డింగే లేదు గద. కూలగొట్టిన్రు. గాడ ఇప్పుడు ఖాళీ జాగ. కేబుళ్ళు నేనే కోసుకొచ్చిన. క్యా హువా? గొంతు అట్లున్నదేంది?"

"ఏం లేదు భాయి. పండుకో."

ఆయన మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు తెర మీదే ఉన్నాయి. మజిలీలు మూడు... రెండు... ఫోను పెట్టేసరికి ఒకటి. ఆ ఒక్కటీ నా ముందున్న నా రూటరే.

మెడ వెనక చల్లగా తగిలింది. వెనక్కి తిరగలేదు. ఏడుపు గొంతు దాకా వచ్చింది, ఒప్పుకుంటాను. చెయ్యి దానంతట అదే ఫోను మీదకు పోయింది. అన్న నంబరు... వేళ్ళకు కంఠతా వచ్చు. ఒక్క మాట అంటే చాలు, పరుగెత్తుకొస్తాడు. తెల్లారి తాళం పడుతుంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "వస్తే రా. చూస్త నీ సంగతి!" అని పైకే అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

అప్పుడు ఫోను మోగింది.

"చెల్లె, ఏడ్వకు. స్కూటర్ తీస్తున్న. వచ్చేస్తున్న." అన్న గొంతు.

"ఎవరు ఏడ్చిన్రు?"

"నువ్వే గదనే, ఇప్పుడే ఫోన్ చేసి... 'అన్నా, భయమైతుంది, తీస్కపో' అన్నవు."

ఇప్పుడే అంటే, ఆ సమయంలో నేను ఇదే ఫోనులో ఖాజా భాయితో మాట్లాడుతున్నాను. ఒక ఫోను. ఒక నోరు. "నేను చెయ్యలే అన్నా" అంటుండగానే ఆయన పెట్టేశాడు.

మీరే చెప్పండి, నాకెలా ఉంటుంది? భయం సగం, మంట సగం. ఎవరో నా గొంతు పెట్టుకుని, నా దుకాణం మూయించే మాట మా అన్న చెవిలో వేశారు. ఇంకేం మాటైనా పడేదాన్ని, ఆ మాట మాత్రం పడను. లేచి కిటికీ తెరిచి, రోడ్డు మీదకు వంగి నిలబడ్డాను. వెనక తెర వెలుతురు గోడ మీద మినుకుమినుకుమంటోంది. చూడలేదు. చూడదలుచుకోలేదు.

అన్న వచ్చాడు. స్కూటరు ఆపి తలెత్తి చూశాడు.

"దిగు. ఇంటికి పోదాం."

"నేను దిగ. నువ్వే పైకొచ్చి నా మొహం చూడు. ఏడ్చిన మొహమేనా చెప్పు."

ఆయన సందులోకి తిరిగాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు... పైకి వస్తోంది. సగంలో ఆగింది. ఎంతకీ కదల్లేదు. నేను కిటికీ దగ్గర నుంచే గట్టిగా నవ్వాను. "ఏందన్నా, భయమైతుందా?"

చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి కిందికి.

రోడ్డు మీదకు వచ్చి నా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "నువ్వు గాడనే ఉండు" అన్నాడు మెల్లగా. "కిటికీ కాడికెల్లి కదలకు."

తెల్లారేదాకా ఆయన స్కూటరు మీద కూర్చుని పైకి చూస్తూనే ఉన్నాడు, నేను కిటికీలో నిలబడే ఉన్నాను. వెలుగొచ్చాక తిరిగి చూస్తే తెర మీద ఏమీ లేదు. ఆ దారి లేదు. లైను శుభ్రంగా నడుస్తోంది. పిల్లలొచ్చారు, ఫలితాలు చూసుకున్నారు, పాసైనవాళ్ళు గంతులేశారు. ఆ రూటరు ఏమైందంటారా? అమ్మేశాను. దారులన్నీ చెరిపే అమ్మాను. కొన్న లెక్చరర్ ఏనాడూ ఫిర్యాదు చేయలేదు.

అన్న తాళం మాట ఎత్తలేదు. ఆ రోజు కాదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చాలా రోజుల తర్వాత, ఒకసారి చాయ్ తాగుతూ తనే చెప్పాడు.

"గారోజు మెట్లు సగం ఎక్కిన. పైన తలుపు ఎనక నువ్వు ఎక్కెక్కి ఏడుస్తున్నవు. 'అన్నా, తీస్కపో' అనుకుంట. ఉరుకుదామని కాలు లేపిన. అప్పుడే కిటికీ దిక్కు నుంచి నువ్వు నవ్వినవు. రెండు గొంతులు ఒక్కపారి ఇన్న చెల్లె. రెండూ నీయే. తలుపు తీస్తే ఏది నా ఎంట ఇంటికొస్తదో అని దిగిపోయిన."

ఆ గదిలో నాకు ఏ ఏడుపూ వినిపించలేదు. తలుపుకూ నాకూ మధ్య నాలుగడుగుల జాగా.

అది ఏమిటో నాకిప్పటికీ తెలియదు. ఏడుపు నా గొంతు దాకా వచ్చిన మాట నిజం. దాన్ని నేను మింగేసిన మాటా నిజం. మింగిందే అటు పోయి తలుపు దగ్గర నిలబడిందా... కూలిపోయిన ఆ ఆఫీసు నుంచి వచ్చిందా... ఏమో. ఏడ్చింది ఎవరైనా కానీ, ఇంటికి పోతానన్నది అదే. నేను అనలేదు. నేను పోలేదు.