మూడూ నాలుగూ కూడు చెప్పు

రాయపూర్‌లో రైల్వే కాలనీ పక్కనున్న బడిలో నేను లెక్కల టీచరుని. ఈ సంగతి జరిగేనాటికి నాకు నలభై రెండేళ్లు. ఛత్తీస్‌గఢ్ ఇంకా వేరే రాష్ట్రం కాలేదు. మా ఆయన వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. అత్తగారు మాతోనే ఉండేది. వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ఇంట్లో ఆ తెలుగే, మధ్యమధ్య హిందీ కలుపుకుని.

మా బడికి ఎవరో ఒక పాత కంప్యూటరు ఇచ్చి వెళ్లారు. నేర్పేవాళ్లు లేరు. దానికి పూలగుడ్డ కప్పి, గది తాళంచెవి నా చేతికిచ్చారు, లెక్కలు చెప్పేదాన్ని కదా అని. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు ఒకసారి వచ్చినప్పుడు పాత ఫ్లాపీలు ఓ అరడజను ఇచ్చాడు. "ఖాళీవేనే, వాడుకో" అన్నాడు. అందులో ఒకటి ఖాళీది కాదు. దాని మీద ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషా, దాన్ని వివరించే పది పేజీల కాగితం లాంటి ఫైలూ ఉన్నాయి. ఆ భాష పేరు నేనెప్పుడూ వినలేదు. తర్వాత తెలిసింది, చాలామంది వినలేదని.

పిల్లలు వెళ్లిపోయిన ఒక మధ్యాహ్నం దాన్ని తెరిచి, రెండు కొట్టి, కూడిక గుర్తు కొట్టి, మూడు కొట్టాను. దొంతర ఖాళీగా ఉందని అది నా మీద ఫిర్యాదు చేసింది. ఏ దొంతరా? కాగితం చదివాను. ఈ భాషలో అంకెలు ఒకదాని మీద ఒకటి కుండల్లా పేర్చుకుంటాయట. ముందు రెంటినీ పెట్టాలి, ఏం చెయ్యాలో ఆఖర్న చెప్పాలి. రెండు, మూడు, కూడిక. ఆ తర్వాత చుక్క పెడితే జవాబు పైకి వస్తుంది. అలాగే కొట్టాను. అయిదు అని వేసి, పక్కనే "ఓకే" అంది.

ఏం చెప్పినా ఓకే. ఇరవై రెండేళ్ల కాపురంలో, పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నా మాటకు వెంటనే సరే అన్నవాళ్లు లేరు. కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వాచ్‌మన్ తొంగిచూసి, "సబ్ ఠీక్ హై, మేడమ్?" అని, అంతా బాగేనా అన్నట్టు అడిగాడు.

రెండు వారాల్లో ఎక్కాలు వేసే చిన్న ప్రోగ్రాం రాశాను. పదిహేడో ఎక్కం అడిగితే టకటకా వేసేది. కానీ ఎక్కం అయిపోయాక దొంతర చూపించమంటే అందులో పది అంకెలు మిగిలిపోయేవి, కడగని గిన్నెల్లాగా. మళ్లీ అడిగితే ఇరవై. ఎందుకో ఎంత తలగోక్కున్నా అర్థం కాలేదు. ఆ కాగితం చివర ఒక ఈమెయిలు చిరునామా ఉంది. ఈ భాషంటే ఇష్టమున్నవాళ్లు ప్రపంచంలో అక్కడక్కడా ఉన్నారు, ఆ చిరునామాకి రాస్తే ఆ ఉత్తరం అందరికీ వెళ్తుంది, కొత్తవాళ్లు ఏమైనా అడగవచ్చు అని రాసుంది.

తెలీబంధా చెరువు దగ్గర ఇంటర్నెట్ దుకాణం కొత్తగా పెట్టారు. దాని యజమాని అరవై ఏళ్ల పెద్దమనిషి, పూర్వం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినాయన. టైపు మిషన్లు తీసేసి ఆ బల్లల మీదే నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. ఆదివారం పొద్దున అక్కడికి వెళ్దామని శనివారమంతా నోటుబుక్కులో ఇంగ్లీషులో ఉత్తరం రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను.

మా ఆయన తొంగిచూశాడు. "ఏటది, రైల్వే పెద్దాఫీసరు డీఆర్ఎమ్‌కి అర్జీ పెడతన్నావా? గౌరవనీయులైన అయ్యలారా అని రాసినావు!"

"తెలియనివాళ్లు కదండీ, మర్యాదగా ఉండొద్దా?"

"వాళ్లు నీకు జవాబిస్తారేటి? ఫాల్తూ పని."

నాకూ లోపల ఆ భయమే. పెద్ద చదువులవాళ్లు, తెల్లవాళ్లు, నా గిన్నెల దొంతర గురించి చదివి నవ్వుతారేమో. అయినా మర్నాడు ఉత్తరం కొట్టి పంపేశాను. దుకాణాయనే నాకొక ఈమెయిలు చిరునామా తయారుచేసి పెట్టాడు.

ఆ వారం బడిలో ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు. ఎనిమిదో తరగతి పిల్లలు అడిగినవాటికల్లా సరే అన్నాను.

తర్వాతి ఆదివారం నేను రిక్షా దిగకముందే దుకాణాయన గుమ్మంలోకి వచ్చి, "దీదీ! ఆప్‌కీ గ్యారహ్ చిట్ఠీ!" అని కేక పెట్టాడు. పదకొండు ఉత్తరాలు! పక్క కొట్లో జిలేబీలు వేస్తున్నతను కూడా తలెత్తి చూశాడు.

చెప్పులు విడవడం మరచి లోపలికి పరుగెత్తాను. ఒక్కరూ నవ్వలేదు. ఎక్కడో మంచుదేశంలో నక్షత్రాలు చూసే పెద్ద దుర్భిణీలు తిప్పే పని చేసే ముసలాయన, దొంతరలో పైదాన్ని పారేయమనే మాటొకటి ఉందమ్మా, అది నీ ప్రోగ్రాం చివర చేర్చు అని రాశాడు. ఇంకొకావిడ, ఆ అంకెల్ని అసలు పెట్టకుండానే రాయొచ్చు చూడు అని నా నాలుగు వరుసల్ని రెండు చేసింది. మరొకాయన ఆవిడ మాట ఒప్పుకోలేదు. మిగిలిన ఉత్తరాల్లో సగం వాళ్లిద్దరి పోట్లాటే. నా ఎక్కం గురించి రెండు ఖండాలవాళ్లు పోట్లాడుకుంటున్నారు! దుకాణాయన అన్నీ ప్రింటు తీసిచ్చాడు. ఇంటికెళ్తూ రిక్షాలో చదువుకుంటూ గట్టిగా నవ్వితే, రిక్షా అతను "శాదీ కా కార్డ్ హై క్యా?" అని అడిగాడు. పెళ్లి పత్రికకంటే ఎక్కువ నాయనా అన్నాను.

సోమవారం ఎక్కం కడిగిన గిన్నెలా వచ్చింది. ఇక ఆగలేదు. ఆదివారం ఆదివారం ఉత్తరాలు పంపేదాన్ని, తెచ్చుకునేదాన్ని.

ఒకరోజు వంటింట్లో అత్తగారికి ఇదంతా చెప్తున్నాను. ఆవిడ బడికి వెళ్లలేదు. "మిగతా కంప్యూటరు భాషల్లో ఒకటి, కూడిక, రెండు అంటారత్తా. ఇందులో మాత్రం ఒకటి, రెండు ముందు పెట్టి, తర్వాత కూడమంటారు" అన్నాను.

"ఇందులో వింతేటే?" అందావిడ పప్పు కడుగుతూ. "ముందు పప్పుండాల, నీళ్లుండాల. అప్పుడు గదా ఉడకబెట్టడం. మనం మాటాడేదీ అలాగే గదా. పప్పు నీళ్లు పోసి ఉడకబెట్టు అంటాం గాని, ఉడకబెట్టు పప్పు నీళ్లు అంటామేటి?"

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నిజమే! మన క్రియ ఆఖర్నే వస్తుంది. ఆ భాష తెలుగులా నడుస్తోంది. పైగా అందులో మనకు నచ్చిన కొత్త మాటలు మనమే తయారుచేసుకోవచ్చు. మర్నాడు కూడిక గుర్తుకి "కూడు" అనీ, జవాబు వెయ్యమనే చుక్కకి "చెప్పు" అనీ ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టాను. మూడు నాలుగు కూడు చెప్పు అని కొట్టాను. ఏడు అంది.

ఇంటికొచ్చి కాగితం మీద రాసి అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, పొట్ట పట్టుకుని పకపకా నవ్వడం మొదలెట్టింది.

"ఓలమ్మ! మూడు నాలుగు కూడు, సెప్పు! ఒక చేత్తో కూడెట్టి ఇంకో చేత్తో సెప్పుచ్చుకుంటావేటే?"

అప్పుడు తట్టింది నాకు, కూడంటే అన్నం, చెప్పంటే కాళ్లకేసుకునేది కూడానని. ఇద్దరం నవ్వి నవ్వి కింద కూలబడ్డాం. ఆ విషయమంతా, ఆవిడ నవ్వుతో సహా, మంచి ఇంగ్లీషులో రాసి అందరికీ పంపించాను.

అంత గోల నేనూహించలేదు. జపాన్ నుంచి ఒకాయన, మా భాషలో కూడా పని ఆఖర్నే వస్తుంది, మనం చుట్టాలం అని రాశాడు. మంచుదేశపు ముసలాయన తన దుర్భిణీ ప్రోగ్రాంలో చుక్క తీసేసి "చెప్పు" పెట్టేశానన్నాడు. ఎక్కం మీద పోట్లాడినావిడ, తీసివేతకీ గుణకారానికీ తెలుగు మాటలేమిటో పంపమంది. మీ అత్తగారికి ఇంకేం ఆలోచనలున్నాయో అడగమని ఇద్దరు ముగ్గురు రాశారు. అత్తగారికి చెప్తే కొంగు సర్దుకుని, "ఆళ్లని భోజనానికి రమ్మను" అంది.

ఇవన్నీ దుకాణాయన ప్రింటు తీస్తూ చదువుతూనే ఉన్నాడు. వానాకాలంలో ఒక ఆదివారం, ఎవరూ లేనప్పుడు, మొహమాటపడుతూ కుర్చీ నా పక్కకి లాక్కున్నాడు. "దీదీ, ముఝే భీ సిఖా దో." తనకీ నేర్పమని. నలభై ఏళ్లు ఊరందరికీ టైపు నేర్పిన మనిషి.

సంచిలోంచి నా ఫ్లాపీ తీసి ఆయన కంప్యూటర్లో పెట్టాను. నేను చెప్తుంటే ఆయన కొట్టాడు. ఏం వేళ్లవి! తెర వైపు చూడనే లేదు. కూడికకి "జోడ్", చుక్కకి "బతా". తీన్ చార్ జోడ్ బతా. ఏడు రాగానే లేచి నిలబడి, జిలేబీలు వేసే అతన్ని పిలిచి చూపించాడు. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఇతనా తో మైఁ భీ బతా దూఁగా" అని వెళ్లిపోయాడు. అంతమాత్రం తానూ చెప్పగలడట. మాకేం పట్టలేదు. తీసివేత, భాగహారం, ఎక్కాలు, అన్నీ హిందీలోకి మార్చుకుంటూ పోయాం.

బయట వాన పెద్దదైంది. ఎప్పుడు మధ్యాహ్నం రెండు దాటిందో తెలియదు. గొడుగు పట్టుకుని మా ఆయన వెతుక్కుంటూ వచ్చాడు.

"భోజనాల్లేవా ఇయ్యాల? అమ్మ ఎదురుచూస్తంది."

"ఒక్క నిమిషం, ఇలా కూచోండి. మీ వ్యాగన్ల బరువులు కూడే ప్రోగ్రాం రాయొచ్చు తెలుసా?"

"నాకెందుకూ" అంటూనే కూర్చున్నాడు. తడి గొడుగు ఒళ్లోనే ఉంది. ఒక వేలితో అంకెలు వెతుక్కుంటూ రెండు బరువులు కొట్టాడు, కూడమనే మాట కొట్టాడు. అక్షరం ఒకటి తప్పింది. ఆ మాట తనకు తెలియదంది కంప్యూటరు.

"నేను సరిగ్గానే కొట్టినాను! దీనికే రాదు!" అని దాని మీద కోప్పడి, గొడుగు కింద పడేసి, కుర్చీ ఇంకా ముందుకు జరుపుకున్నాడు.