పేరమ్మ మూలుగు

పేరమ్మ నోటి గురించి గిలకలదిండిలో ఎవరినడిగినా చెబుతారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధిలో ఆవిడ కేక వేసిందంటే, పక్క వీధిలో కునుకు తీస్తున్న పిల్లులు లేచి కూర్చునేవి. బేరంలో ఆవిడతో పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషి, 2002 నవంబరులో, విజయవాడ సూర్యారావుపేటలోని ఒక నర్సింగ్ హోంలో, పొట్టకు నాలుగు చిల్లులు పొడిపించుకుని కిక్కురుమనకుండా పడుకుంది.

కారణం ఏమిటంటే, భర్త కాశీరావు ఆ పూట సముద్రం మీద ఉన్నాడు. బోటు వేటకు వెళ్లి నాలుగు రోజులైంది. మర్నాడు గాని ఒడ్డుకు రాదు. ఈలోగా పేరమ్మకు పిత్తాశయంలో రాళ్లు అడ్డం పడి ప్రాణం మీదికొస్తే, కూతురు నాగలక్ష్మి బస్సెక్కించి తీసుకొచ్చేసింది. పేరమ్మ కాపురానికొచ్చిన కొత్తల్లో అత్తగారు ఆదెమ్మ చెవిలో వేసిన మాట ఒకటుంది. “మగోడు నీళ్ల మీదుండగా ఇంట్లో ఆడది మూలగకూడదే. ఆ మూలుగు సముద్రానికి ఇనబడుద్ది.” ఆదెమ్మ పోయి పదేళ్లయినా ఆ మాట పోలేదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మనిషి నాలుగు చెక్కల మీద తేలుతున్నప్పుడు ఇంట్లో ఉన్న ఆడది చెయ్యగలిగిందేముంది? నోరు మూసుకోవడం ఒక్కటే. అదైనా తన చేతిలో ఉందని పేరమ్మ ధైర్యం.

“పెద్ద కోత లేదమ్మా, చిన్న చిల్లులే” అని డాక్టరు వెంకటకృష్ణారావుగారు ముందే చెప్పారు. చిన్నవే గాని, ఆ సంగతి నొప్పికి తెలియాలిగా! మధ్యాహ్నానికి మత్తు దిగింది. పొట్ట మండుతోంది. అది సరే, ఎవరూ ముట్టుకోని కుడి భుజంలో గునపం దింపినట్టుంది. గట్టిగా ఊపిరి తీస్తే మూలుగు బయటపడుతుందని పేరమ్మ సగం ఊపిరితోనే సరిపెట్టుకుంది. డ్యూటీలో ఉన్న నర్సు “నొప్పిగా ఉందా?” అని అడిగితే తల అడ్డంగా ఊపింది. నొప్పి లేదన్నవాళ్లకు ఇంజెక్షను ఎందుకని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

నోరు మూసుకున్నంత మాత్రాన ఒళ్లు ఊరుకుంటుందా? సాయంత్రానికి నాడి నూట ఇరవై. ఒకటే చెమటలు. షుగరు జబ్బు లేని మనిషికి షుగరు రెండొందలు దాటింది. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి తల గోక్కున్నారు.

“నొప్పి లేదంటుంది. నాడేమో పరిగెడుతోంది. లోపల రక్తం కారుతోందేమో. గంటలో తగ్గకపోతే పొట్ట తెరిచి చూడాల్సిందే.”

నాగలక్ష్మి ఏడవబోయి, తల్లి కళ్లెర్రజేసేసరికి చున్నీ నోట్లో కుక్కుకుంది. పేరమ్మ దుప్పటిని పిడికిట్లో బిగించింది. మళ్లీ కోత! ఆయనొచ్చేసరికి తను ఉంటుందో లేదో. పోనీ ఒక్కసారి నోరు తెరిచి “అమ్మా” అంటేనో? అమ్మో, వద్దు. రేపటిదాకా పంటి బిగువున ఉండాల్సిందే.

అప్పుడే డ్యూటీకి వచ్చిన సిస్టర్ హన్నాకు ముప్పై ఏళ్ల సర్వీసు. చార్టు చూసి, “రక్తం పోతుంటే బీపీ పడిపోవాలి కద సార్, ఈవిడకి పెరుగుతోందే” అంది. తర్వాత పేరమ్మ పిడికిట్లో నలిగిపోయిన దుప్పటి చూసింది. నాగలక్ష్మిని పక్కకు పిలిచి అడిగితే, ఆ పిల్ల ఉన్నదంతా చెప్పేసింది.

హన్నా నవ్వలేదు. ఈ రోజుల్లో ఇవేం నమ్మకాలంటూ ఉపన్యాసమూ దంచలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది.

“పేరమ్మగారూ, మీరు నోరు తెరవొద్దు. మీ అత్తగారి మాట నిలబెట్టండి. నా చెయ్యి పట్టుకుని, నొప్పి ఎంతుంటే అంత గట్టిగా నొక్కండి. చేత్తో నొక్కితే సముద్రానికేం ఇనబడుద్ది?”

పేరమ్మ ఆలోచించింది. ఇందులో అత్త తప్పు పట్టేదేమీ కనబడలేదు. నొక్కింది. పాతికేళ్లు గంపలెత్తిన చెయ్యి అది.

“అమ్మోయ్! ఓరి నాయనో!” వార్డు దద్దరిల్లేలా అరిచింది హన్నా.

పేరమ్మ బెదిరిపోయి ఆవిడ నోరు మూయబోయింది.

“ఫర్వాలేదండీ,” అంది హన్నా వేళ్లు విదిలించుకుంటూ. “మా ఆయన గవర్నరుపేటలో సైకిల్ షాపులో కూర్చునుంటాడు. నేనెంత అరిచినా మునగడు.”

పేరమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట లాగింది. వేలెత్తి భుజం చూపించింది.

“అదా! ఆపరేషన్‌కి పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తారండీ. అది కాస్త మిగిలిపోయి భుజంలోకి నొప్పి లాగుద్ది. రెండ్రోజుల్లో దానంతటదే పోద్ది. నొప్పిని మీరు దాచుకున్నా ఒళ్లు దాచుకోలేదమ్మా. దానికి గాభరా పుట్టి నాడి పరిగెత్తిస్తది, షుగరు పెంచేస్తది.”

హన్నా డాక్టరుగారికి చెప్పి ఇంజెక్షను చేసింది. మంచం తలవైపు ఎత్తింది. పొట్ట మీద దిండు అదిమి పట్టించి, మెల్లగా నిండు ఊపిరి తీయించింది. గంటలో నాడి తొంభైకి దిగింది. ఇక కోత అక్కర్లేదన్నారు డాక్టరుగారు. డ్యూటీ దిగేదాకా హన్నా మధ్యమధ్య వచ్చి చెయ్యి చాపుతూనే ఉంది. పేరమ్మ పట్టు ఎంత గట్టిగా ఉందో చూసుకునే నొప్పి మందు వేసింది.

మర్నాడు సాయంత్రం కాశీరావు వచ్చాడు. ఒడ్డున కబురు తెలిసి, లుంగీ అయినా మార్చకుండా బస్సెక్కేశాడు. ఒళ్లంతా ఉప్పు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని పేరమ్మ తలనుంచి పాదాల దాకా చూసుకుంది. పాదాలు నేల మీదే ఉన్నాయి. అప్పుడు తెరిచింది నోరు.

“అమ్మా... అయ్యో... అమ్మోయ్!”

పక్క మంచాలవాళ్లు ఉలిక్కిపడి లేచారు. హన్నా పరుగున వచ్చి నాడి పట్టుకుంది. డెబ్బై ఎనిమిది. పక్కకు తప్పుకుంది.

“ఎక్కడే? ఎక్కడ నొప్పి?” అంటూ కాశీరావు మంచం పక్కన కూలబడ్డాడు.

“ఇప్పటిది కాదయ్యా,” అంది పేరమ్మ, కన్నీళ్లు చెవుల్లోకి కారిపోతుంటే. “మన పెద్దోడు శివాజీగాడు పుట్టినప్పటిది. అప్పుడు నువ్వు వేటలో ఉన్నావు.”

శివాజీకి ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత నాగలక్ష్మి. అప్పుడూ తను నీళ్ల మీదే. కాశీరావు మంచానికి దగ్గరగా జరిగాడు. ఉప్పు చేత్తో ఆవిడ నుదురు తుడిచాడు.

“మూలగవే పిచ్చిదానా,” అన్నాడు. “ఎంతసేపైనా మూలుగు. నేను ఒడ్డునే ఉన్నాగా.”