గాలయ్య ఇంజన్ల వంశం

గాలయ్య కారెక్కినవాళ్ళు ఊరు చేరినా చేరకపోయినా, ఆ కారు ఇంజన్ తాతముత్తాతల చరిత్ర వినకుండా మాత్రం దిగలేరు.

కల్వకుర్తిలో తొలి కిరాయి కారు ఆయనదే. లారీల కింద పడుకొని పని నేర్చాడు. ఏ బండినైనా దాని దగ్గు విని రోగం చెప్పేవాడు. అటువంటివాడు మా తాలూకాలో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. ఆయన కారు హార్లో కంపెనీది. విలాయతిలో ఆ కంపెనీ ఏ ఇంజన్ తర్వాత ఏ ఇంజన్ చేసిందో, ఎందుకు మార్చిందో ఆయనకు నోటికి వచ్చు. పెళ్ళికొడుకు ఎక్కినా అదే కథ, తాసీల్దారు ఎక్కినా అదే కథ.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో నేతపని చేసే చంద్రయ్య ఆ కారెక్కాడు. వెనక సీట్లో భార్య సోమమ్మ, ఆమె ఒడిలో తల పెట్టుకొని కోడలు ఉప్పలమ్మ. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కొడుకేమో చీరల మూటతో పట్నం పోయాడు. మహబూబ్‌నగర్ దవాఖాన చేరేదాకా రెండు ప్రాణాల పూచీ చంద్రయ్యదే.

"జర జల్ది పోనియ్యి గాలయ్యా!"

"ఫికర్ చెయ్యకు మామా."

అన్నాడేగానీ, గాలయ్య చూపు మాటిమాటికీ నెత్తిమీది అద్దంలోకే పోతోంది. మీసం చూసుకుంటున్నాడని చంద్రయ్యకు ఒళ్ళు మండింది. ఊరి పొలిమేర దాటారో లేదో, కారు ఆగింది.

"ఏమాయె?"

"ఇంజన్ కాగింది. దిగి ఇటు రా, చూపిస్త."

బానెట్ లేచింది. దానితోపాటు గాలయ్య గొంతూ లేచింది. "కంపెనీ మొదటి ఇంజన్ ఉన్నదే, దానికి వాల్వులు పక్కలకుండె! పెట్రోలు తాగుడు ఏనుగు లెక్క, నడక ఎడ్లబండి లెక్క!"

"నేను చెవిటోన్ని కాదురా! నా కోడలు పానం పోతాంది!"

"గందుకే చెప్తున్న!" అంటూ కాసేపు ఆ పక్క వాల్వులను తిట్టి, ఠపీమని బానెట్ మూసి కూర్చున్నాడు.

కంకర రోడ్డు మీద ఇంకొంత దూరం. మళ్ళీ అద్దం, మళ్ళీ ఆగుడు, మళ్ళీ బానెట్.

"విలాయతిల సర్కారోళ్ళు సిలిండర్ వెడల్పు మీద పన్నేసిండ్రు మామా! కంపెనోళ్ళు తక్కువోళ్ళా? సన్నగ, పొడుగ్గ చేసిండ్రు రెండో ఇంజన్!"

"నీ ఇంజన్ల పాడుగాను! ఎడ్లబండి కట్టుకున్నా ఈపాటికి చేరేటోన్ని!"

దారిలో ఏమన్నా జరిగితే కొడుక్కు ఏం ముఖం చూపాలి? జడ్చర్ల దాటాక మరోసారి ఆపేసరికి చంద్రయ్యకు ఏడుపే తక్కువ.

"ఇగ మూడోది! వాల్వులు పక్కలకెల్లి నెత్తికెక్కినయి! ఎందుకెక్కినయంటే..." గాలయ్య ఒక్క క్షణం చెవి రిక్కించి, కథ అక్కడే వదిలి స్టీరింగ్ దగ్గరికి ఉరికాడు. ఈసారి ఆగింది దవాఖాన గేటు ముందే.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. వారానికి వాళ్ళను తీసుకుపోవడానికి చంద్రయ్య తిట్టుకుంటూనే మళ్ళీ ఆ కారే పిలిచాడు. కారు జడ్చర్ల దాటింది. ఆగలేదు. కల్వకుర్తి దగ్గరపడింది. ఆగలేదు.

చంద్రయ్యకు ఉండబట్టలేదు. "ఏం గాలయ్యా, ఇయ్యాల ఇంజన్ కాగలేదా?"

"ఇది ఎన్నడు కాగింది మామా?"

వెనక సోమమ్మ పక్కున నవ్వింది. "నీకు మగ్గం తప్ప ఏం సమజ్ కాదయ్యా! మామ ముందర కోడలు ఒర్లుతదా? నొప్పొస్తే కొంగు కొరుక్కుంట ఊపిరి బిగవట్టె. గాయన అద్దంల చూసి, నిన్ను దింపి, బానెట్ అడ్డం పెట్టినంకనే పిల్ల నోరిడిచి ఏడ్చింది. నీకినపడొద్దనే గంత గట్టిగ చెప్పిండు."

గాలయ్య రోడ్డునే చూస్తున్నాడు. అద్దం వైపు చూడనేలేదు.

వెనక ఏదో గుసగుస. సోమమ్మ ముందుకు వంగింది. "ఏమయ్యా, కోడలు అడుగుమంటాంది."

"ఏంది?"

"గా వాల్వులు నెత్తికెందుకు ఎక్కినయో చెప్పనే లేదట."

చంద్రయ్య తలపాగా సవరించుకున్నాడు. "ఆపు గాలయ్యా. బానెట్ ఎత్తు. వెనకకు గూడ ఇనపడాలె, గట్టిగ చెప్పు!"